నిఖత్ జరీన్ పిడికిలి

బాక్సింగ్ అనగానే హెవీవెయిట్ వీరుడు మహమ్మద్ అలీ గుర్తొస్తాడు. 61 పోటీల్లో 56 గెలిచిన మొనగాడాయన. ఆ ఆటలో తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకునే పేరు నిఖత్ జరీన్.

1996లో నిజామాబాద్‌లో పుట్టిన నిఖత్‌ను ఈ ఆటలోకి తెచ్చింది తండ్రే. 2011లో తుర్కియేలో జరిగిన జూనియర్, యూత్ ప్రపంచ పోటీల్లో స్వర్ణం గెలిచింది. 2017లో భుజం గాయంతో రింగుకు దూరమైంది. అయినా వెనక్కి తగ్గలేదు.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో, 52 కిలోల ఫైనల్లో థాయిలాండ్ బాక్సర్ జిత్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయింది. 5-0 అంటే అయిదుగురు న్యాయనిర్ణేతలూ ఆమెదే గెలుపన్నారన్నమాట. అదే ఏడాది బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ స్వర్ణం. 2023లో ఢిల్లీలో, ఈసారి 50 కిలోల విభాగంలో, రెండో ప్రపంచ కిరీటం. ఆ ఏడాదే హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం చైనా బాక్సర్ వూ యు చేతిలో ఓడింది. తర్వాత తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీగా చేరింది.

నిఖత్‌ది నిజామాబాద్ అయితే, పౌరుషానికి పేరున్న పల్నాడు మనది. నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో మీ అమ్మాయి బాక్సింగ్ గ్లవ్స్ కొనిపెట్టమంటే కాదనకండి.