రెండు పాత కంప్యూటర్లను మాటలాడించుట



మేము మియాపూరున కాపురముండువారము. మా యింటికి దక్షిణముగా కొన్ని మైళ్ల దూరమున హైటెక్ సిటీ యున్నది. 1998లో అచ్చట సైబర్ టవర్సు భవనము తెరువబడినది మొదలు, ఆ ప్రాంతమున కూర్చుండి పనిచేయువారు సముద్రముల కావలనున్న కంప్యూటర్లతో నిత్యము వ్యవహరించుచున్నారు. నా కుమారుడును అట్టివారిలో నొకడు. అట్టి చోట నివసించుచు, నా యింటిలో పదియడుగుల యెడముగా నున్న రెండు కంప్యూటర్లను ఒకదానితో నొకటి మాటలాడించుటకు నాకు ఐదు దినములు పట్టినదని చెప్పుటకు కొంత సిగ్గుగానే యున్నది. ఐనను ఆ యైదు దినములలో నేర్చినది మీకును పనికివచ్చునని తలంచి, నేటి ప్రసంగమునకు దానినే విషయముగా గైకొంటిని.

నేను తెలుగు పండితుడను. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమును బాల్యమున ఒక వృద్ధగురువుగారి సన్నిధిని చదువుకొంటిని. ఆయన సూత్రమునకు సూత్రము చెప్పిన వివరణమును పదునారు నోటుపుస్తకములలో వ్రాసికొంటిని. 2006లో ఒక కంప్యూటరు కొని, ఆ వ్రాతనంతయు నాలుగేండ్లలో నా చేతులతో టైపు చేసితిని. పిమ్మట నోటుపుస్తకములు చెదలపాలైనవి. గురువుగారును కీర్తిశేషులైరి. ఇక ఆ పాఠమునకు ఆ యంత్రములోని డిస్కు ఒక్కటే యాధారము. మరియొక ప్రతి చేసికొనవలెనని ప్రతి సంవత్సరమును అనుకొంటిని. ఏ సంవత్సరమునను చేయలేదు.

ఒకనాటి యుదయమున ఆ డిస్కునుండి టక్కుటక్కుమని శబ్దము వినవచ్చెను. అది ఆయువు తీరుచున్న డిస్కు చేయు చప్పుడని నా కుమారుడు చెప్పెను. అంతకుముందే ఆ యంత్రమునకు పెన్‌డ్రైవు పెట్టు రంధ్రములన్నియు చెడియుండెను. సీడీ పెట్టు తలుపు తెరచుకొనదు. డిస్కును ఊడదీసి తెమ్మని మరమ్మతు చేయువాడు చెప్పెను గాని, నాకు ధైర్యము చాలలేదు. మిగిలిన దారి యొక్కటే. నా కుమారుడు వాడి విడిచిన మరియొక కంప్యూటరు ఇంటిలో నున్నది. రెంటిని తీగలతో రౌటరునకు తగిలించి, దీనిలోనిది దానిలోనికి నకలు చేయవలెను. పాతదానిలో విండోస్ ఎక్స్‌పీ, రెండవదానిలో విండోస్ 10 ఉన్నవి.

తీగలు తగిలించితిని. ఒకదానికి మరియొకటి కనబడలేదు. అంతట నేను చేసిన పని యేమనగా, కంటికి కనబడిన ప్రతి మీటయు నొక్కితిని. పేర్లు మార్చితిని, అంకెలు మార్చితిని, ఆపి మరల నడిపితిని. ఒకేసారి ఐదింటిని మార్చుటచేత, దేనివలన నేమి జరిగెనో తెలియక పోయెను. ఇట్లు రెండు దినములు గడచెను. యంత్రమును నడిపిన ప్రతి మారును ఆ డిస్కు ఆయువు కొంత తరుగుచుండెను. వ్యాకరణమున ఒక రూపము సాధింపవలసినపుడు సూత్రములన్నిటిని ఒక్కసారి ప్రయోగించిన విద్యార్థిని నేను తప్పక మందలించియుందును. ఇచ్చట ఆ విద్యార్థిని నేనే యైతిని.

మూడవనాడు నా మనుమరాలు బడినుండి వచ్చి, "తాతయ్యా, ఆ తీగ కొనదగ్గర దీపం వెలుగుతోందా?" అని యడిగెను. వెలుగుట లేదు! తీగ కొననుండు చిన్న కొక్కెము విరిగి, అది రంధ్రమున సరిగా కూర్చుండలేదు. రెండు దినములు నేను చేసిన ప్రయత్నమంతయు తెగిన వంతెనమీద బండి నడపుట వంటిది. ఆ సాయంకాలమే మెట్రో రైలెక్కి, అమీర్‌పేటలో మారి, ప్యారడైజున దిగి, సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు బోయి క్రొత్త తీగ కొనితెచ్చితిని. దీపము వెలిగెను.

అపుడు నాకు చిన్ననాటి తర్కసంగ్రహ పాఠము జ్ఞప్తికి వచ్చినది. పొగ యున్నచోట నిప్పుండును. నిప్పు లేనిచోట పొగ యుండదు. దీనినే అన్వయవ్యతిరేకములందురు. ఒకదానిని మాత్రమే మార్చి, మిగిలినవి కదల్పక, ఫలము మారెనా లేదా యని చూడవలెను. మరియు క్రిందినుండి మీదికి పోవలెను. మొదట తీగ, పిదప చిరునామా, పిదప కాపలా, తుదకు భాష. క్రిందిది తేలక మీదిదానిని ముట్టరాదు. ఒక కాగితముమీద ఈ నాలుగు మాటలును వ్రాసి గోడకంటించితిని. చేసిన ప్రతి మార్పును దానిక్రింద గుర్తు పెట్టుకొంటిని.

తీగ తేలినది. రెండవది చిరునామా. ప్రతి కంప్యూటరునకును నాలుగంకెల గుంపుతో నొక చిరునామా యుండును. నల్లని తెరమీద ఐపీకాన్‌ఫిగ్ అని టైపు చేసిన అది కనబడును. క్రొత్తదానికి 192.168.1.5 అని యున్నది. పాతదానికి 192.168.0.10 అని యున్నది. మన సాధారణ గృహములలో మొదటి మూడంకెలును గ్రామనామము వంటివి, కడపటిది ఇంటి సంఖ్య వంటిది. ఇచ్చట మూడవ యంకె వేరు. అనగా, ఒకే గదిలో నుండియు ఈ రెండును తాము వేర్వేరు గ్రామములవారమని తలంచుచున్నవి! మునుపటి యింటిలో ఎవరో చేతితో వ్రాసిపెట్టిన చిరునామా పాతదానిలో అట్లే నిలిచియుండెను. దానిని తీసివేసి, చిరునామాను రౌటరే యిచ్చునట్లు చేసితిని. పాతది 192.168.1.7 ఐనది. మీ యింట చిరునామా 169.254 అని మొదలైనచో, ఇచ్చువాడెవ్వడును దొరకక యంత్రము తనకు దానే పేరు పెట్టుకొన్నదని గ్రహింపుడు. మరల తీగను, రౌటరును చూడవలెను.

తరువాత పింగ్ అను ఉపకరణమును ప్రయోగించితిని. దీనిని 1983 డిసెంబరులో మైక్ మూస్ అను అమెరికా దేశీయుడు రచించెను. నీటిలో మునిగిన వస్తువులను కనిపెట్టుటకు పడవవారు పంపు ధ్వనిని బట్టి ఆ పేరు పెట్టెను. "ఉన్నావా?" యని పిలిచిన, అవతలిది "ఉన్నాను" అని పలుకవలెను. పాత యంత్రమునుండి క్రొత్తదానిని పిలిచితిని. నాలుగు మారులును మౌనమే. నా గుండె జారినది. ఇక ఈ ప్రయత్నము మానుదమా యని తోచెను.

శ్రోతలారా, ఈ ప్రసంగమున నేను ముఖ్యముగా చెప్పదలచిన మాట యిచ్చటనే యున్నది. నేలమీద కుండ కనబడలేదు గనుక కుండ లేదనుట యెపుడు సరియగును? వెలుతురుండి, కన్నులు బాగుండి, కుండ యున్నచో తప్పక కనబడునట్టి స్థితిలో మాత్రమే సరియగును. చీకటిలో కనబడలేదని కుండ లేదనరాదు. దీనిని మన శాస్త్రకారులు యోగ్యానుపలబ్ధి యనిరి. పిలుపునకు బదులు రాలేదు గనుక అవతల ఎవరును లేరనుట, చీకటిలో కుండ వెదకుట వంటిది. బదులు పలుకుటకు వానికి అనుమతి యున్నదా యని ముందు చూడవలదా?

కావున దిక్కు మార్చి, క్రొత్తదానినుండి పాతదానిని పిలిచితిని. వెంటనే నాలుగు మారులును బదులు వచ్చెను! దీనివలన నేమి తేలినది? పోయిన ప్రశ్నయు, వచ్చిన యుత్తరమును అదే తీగమీద రెండు దిక్కులను నడచినవి. కాబట్టి దారి నిర్దుష్టము. క్రొత్తది పలుకకుండుట లేకపోవుటచేత గాదు. దాని వాకిటనున్న కాపలావాడు, ఫైర్‌వాల్ అనునది, అపరిచితుల పిలుపునకు బదులీయవలదని ఆజ్ఞాపించుటచేత. మా యింటి వలను ఆ యంత్రము రైలుస్టేషను వంటి బహిరంగస్థలముగా నెంచుచుండెను. ఇది సొంత యిల్లని దానికి తెలిపినంతట అదియు బదులు పలికెను. కాపలాను పూర్తిగా తొలగింపవలసిన పని లేకపోయెను.

ఐనను పాత యంత్రములోని సంచికలు తెరచుకొనలేదు. ఇక మిగిలినది నాలుగవది, భాష. సంచికలు ఇచ్చిపుచ్చుకొనుటకు విండోస్ యంత్రములు వాడు భాషకు ఎస్.ఎం.బి. యని పేరు. ఎక్స్‌పీకి దాని మొదటి రూపము తప్ప వేరొకటి రాదు. 2017 మే నెలలో వాన్నాక్రై యను దుష్ట కార్యక్రమము, ఆ మొదటి రూపమును విండోస్ నడపు విధములోని యొక లోపమును ఆసరాగా గొని, అనేక దేశముల కంప్యూటర్లను బంధించినది. ఆ యేటి చివరి సంచిక మొదలు, క్రొత్తగా నెలకొల్పిన విండోస్ 10లో ఈ పాత భాష తనంతట నుండదు. అనగా పెద్దవానికి గ్రాంథికము తప్ప రాదు. చిన్నవానికి అది నేర్పనే లేదు. ఇద్దరును మంచివారే, ఇద్దరును మేలుకొనియేయున్నారు, మాట మాత్రము కలియదు.

పరిష్కారము సులభమే గాని జాగ్రత్త వలయును. మొదట రౌటరునుండి వెలుపలికి బోవు తీగను ఊడదీసితిని. ఇల్లు లోకమునుండి వేరైనది. పిదప క్రొత్త యంత్రమున, విండోస్ ఫీచర్ల పట్టికలో, ఎస్.ఎం.బి. 1.0 క్లయింటు అనుదానిని మాత్రము ఎన్నుకొని మరల నడిపితిని. పాత యంత్రపు సంచికలు తెరమీద నిలిచినవి. కన్నులు చెమర్చినవని చెప్పుటకు సిగ్గుపడను. పాటలు, చిత్రములు మున్నగువానిని విడిచి, అన్నిటికంటె ముఖ్యమైన వ్యాకరణమునే మొదట నకలు చేసితిని. చనిపోవుచున్న డిస్కు విషయమున ఈ క్రమము మరువరాదు. పని ముగిసిన వెంటనే ఆ పాత భాషను తొలగించి, ఆ తరువాతనే వెలుపలి తీగను తగిలించితిని.

ఇంకొక చిక్కు మిగిలెను. క్రొత్త యంత్రమున తెరచి చూడగా తెలుగునకు బదులు అర్థములేని గుర్తులు కనబడినవి. యూనికోడునందు తెలుగునకు 1991లోనే స్థానము కలిగినను, నేను టైపు చేసినది అంతకు వేరైన పాత పద్ధతి ఫాంటులో. ఆ ఫాంటును గూడ పాత యంత్రమునుండి తెచ్చినగాని అక్షరములు కుదురుకొనలేదు. మీలో పాత వ్రాతలు గలవారు వ్రాతతోపాటు ఫాంటును గూడ దాచుకొనుడు.

బాలవ్యాకరణమున పది పరిచ్ఛేదములు గలవు. తొమ్మిదింటి వివరణము నాకు దక్కినది. తద్ధిత పరిచ్ఛేదమున్నచోట డిస్కు చెడిపోయియుండెను. ఎన్ని మారులు యత్నించినను అది రాలేదు. నేను వృథా చేసిన ఆ మొదటి రెండు దినములలో అది యింకను బాగుండెనేమో! నాలుగు దినముల పిమ్మట ఆ డిస్కు తిరుగుట మానెను. ఈసారి మౌనము నిజముగా అభావమే. ఇపుడు ప్రతి యుదయమును ఒక గంట కూర్చుండి, గురువుగారి కంఠమును తలంచుకొనుచు, తద్ధితములను మరల వ్రాయుచున్నాను. వ్రాసినదానిని మూడు చోట్ల దాచుచున్నాను. అందొకటి మా యింటి వెలుపల నున్నది.

మీ యింట ఎక్స్‌పీ కంప్యూటరు ఇంకను ఉన్నచో, దానికి రక్షణ సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగినవని యెరుగుడు. విండోస్ 10నకు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. కావున వానిలోని విలువగల వ్రాతలను యంత్రము బాగుండగనే నకలు చేసికొనుడు. చిక్కు వచ్చినపుడు తీగ, చిరునామా, కాపలా, భాష యను క్రమమును పాటింపుడు. ఒకసారి ఒక్కటే మార్పుడు. బదులు రాలేదని తొందరపడి, అవతల ఎవరును లేరని తీర్మానింపకుడు.

సెలవు.