రువాండాలో శాంతిసేన



యుద్ధములతో నలిగిపోవు దేశములలో ఇతర దేశములు జోక్యము చేసికొనవచ్చునా అను అంశముపై మాట్లాడుమని మమ్మును కోరిరి. అంశము బహు విశాలమైనది గనుక ఒక్క రువాండానే తీసికొందుము. ఆ దేశ ప్రజలలో అత్యధికులు క్రైస్తవులు. 1994లో వంద దినములలో అక్కడ సుమారు 8 లక్షలమంది, ముఖ్యముగా టుట్సీ జాతివారు, హతులైరి. న్టారామా, న్యమాట దేవాలయములలో తలదాచుకొన్నవారు ఆ గోడల మధ్యనే చంపబడిరి. అరూషాలోని అంతర్జాతీయ న్యాయస్థానము దోషులుగా తీర్చినవారిలో ఒక పాస్టరు, ఒక ఫాదరు కూడ ఉన్నారు. శతజయంతి వేళ ఈ మాట చేదుగానుండును. అయినను మనము వినవలసినదే.

ఐక్యరాజ్యసమితి సేన అప్పుడు అక్కడ లేదా? ఉండెను. 1993లో జరిగిన ఒడంబడికను కాపాడుటకు సుమారు 2,500 మంది సైనికులు కెనడా దేశపు జనరల్ రోమియో డల్లేర్ క్రింద పనిచేయుచుండిరి. రహస్యముగా దాచిన ఆయుధములను పట్టుకొందునని ఆయన 1994 జనవరి 11న న్యూయార్కుకు తంతి పంపగా, అది మీకిచ్చిన అధికారములో లేదని పైవారు వారించిరి. ఏప్రిల్ 6న దేశాధ్యక్షుని విమానము కూల్చబడెను. మరునాడు ప్రధానమంత్రిని, ఆమెకు కావలియున్న బెల్జియం సైనికులను పదిమందిని చంపిరి. బెల్జియం తన సేనను వెనుకకు పిలిపించుకొనెను.

ఏప్రిల్ 11న జరిగినది వినండి. కిగాలీ పట్టణములో ఒక సాంకేతిక పాఠశాలలో బెల్జియం సైనికులుండిరి. వారి నీలి జెండాను నమ్మి సుమారు 2,000 మంది అక్కడ చేరిరి. తెల్లవారిని క్షేమముగా పంపివేసిన పిమ్మట సైనికులును వెళ్లిపోయిరి. బయట కాచుకొనియున్న హంతకుల చేతిలో ఆ జనులలో అత్యధికులు ఆ దినముననే మడిసిరి. ఆ జెండాయే లేకున్న వారు మరెక్కడనైన దాగియుందురేమో! రక్షింతుమని నమ్మించి విడిచిపోవుట, అసలు రాకుండుటకంటె ఘోరమని మా అభిప్రాయము.

ఏప్రిల్ 21న భద్రతామండలి ఆ సేనను 270 మందికి తగ్గించుటకు తీర్మానించెను. మే 17న మనసు మార్చుకొని 5,500 మందిని పంపుదమనెను. జూలై 25 నాటికి అక్కడున్నవారు 550 మంది! తీర్మానమునకు చేతులెత్తుట సులువే, బిడ్డలను పంపుటయే కష్టము. మన భారతసేన దళము కూడ తరువాతనే అచ్చటికి వెళ్లెను.

పోనీ, బలముగా వెళ్లినచోట అంతయు మేలేనా? జూన్‌లో ఫ్రెంచి సేన దిగి కొందరి ప్రాణములు కాపాడెను. హంతకులును ఆ దారినే జైరునకు దాటిపోయిరి. అచ్చటి కాందిశీకుల శిబిరములలో లోకమంతయు పంపిన తిండిగింజలపై వారే పెత్తనము చేసిరి. 2011లో లిబియాలో ప్రజలను కాపాడుటకని మొదలైన విమానదాడులు ప్రభుత్వము కూలువరకు సాగెను. తరువాత ఆ దేశమును నిలబెట్టు పూచీ ఎవరును గట్టిగా తీసికొనలేదు. కనుక "వెళ్లవలెనా, వద్దా" అనుటకు ముందు, "వెళ్లువారు ఎంతకాలము నిలుతురు, ఏ అధికారముతో నిలుతురు" అని మనము అడుగవలెను.

నిలిచినవారును లేకపోలేదు. ఘానా దేశపు సైనికులు అనేకులు డల్లేరుతో ఉండిపోయిరి. సెనెగల్ దేశపు కెప్టెన్ ఎంబాయె జాన్య్ ముస్లిము. ఆయన చేత ఆయుధము లేదు. కొద్దికొద్దిమందిని బండిలో ఎక్కించుకొని, కాపలా అడ్డుల వద్ద హంతకులతో నవ్వుచు మాటలాడుచు, వందలమందిని దాటించెను. మే 31న మోర్టారు గుండు తునక తగిలి మరణించెను. 2014లో భద్రతామండలి ఆయన పేర ఒక ధైర్య పతకమును నెలకొల్పెను.