గోడ మీద పేర్లు

(ప్రసంగ పాఠం)



ఈ రోజు ఒక తోట కథ చెప్పుకుందాం. ఆ తోట మన దేశంలో లేదు. ఇంగ్లండులో ఉంది. అయినా ఆ కథ మనకు పనికివస్తుంది. ఎందుకంటే అది దొరల కథ కాదు. తోట పనివాళ్ళ కథ. గోడ మీద తమ పేర్లు రాసుకున్న వాళ్ళ కథ.

ఇంగ్లండుకు నైరుతి మూలన కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉంది. దానికి మూడు వైపులా సముద్రమే. అక్కడ హెలిగన్ అనే ఎస్టేటు ఉంది. ఎస్టేటు అంటే ఏంటి? పెద్ద బంగళా. దాని చుట్టూ పొలాలు, చెట్లు, తోటలు. మన దగ్గర దొర గడీ, జమీందారు దివాణం ఎట్లా ఉండేవో అట్లాగే అనుకోండి. ట్రెమేన్ అనే కుటుంబం 400 ఏళ్ళకు పైగా ఆ ఎస్టేటుకు యజమాని.

ఆ తోట మామూలు తోట కాదు. కూరగాయల మళ్ళు ఉండేవి. పూల మళ్ళు ఉండేవి. పండ్ల చెట్లు ఉండేవి. చలికి తట్టుకోలేని మొక్కలకు అద్దాల ఇళ్ళు కట్టారు. దూరదేశాల మొక్కలు తెచ్చి పెంచారు. మన హిమాలయాల్లోని సిక్కిం కొండల నుంచి వెళ్ళిన పూలచెట్లు కూడా అక్కడ ఉన్నాయి.

అంత తోటను ఎవరు పెంచారు? యజమాని పెంచాడా? కాదు. 22 మంది తోట పనివాళ్ళు పెంచారు. తవ్వింది వాళ్ళు. నాటింది వాళ్ళు. నీళ్ళు పోసింది వాళ్ళు. తోటకు పేరు మాత్రం యజమానిది.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. పారలు పట్టిన చేతులు తుపాకులు పట్టాయి. తోట పనివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు యుద్ధానికి వెళ్ళారు. 1916 నాటికి తోటలో మిగిలింది ఎనిమిది మందే. వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు.

యుద్ధం అయిపోయింది. చేతులు లేవు. తోట ఎట్లా నిలుస్తుంది? కొన్నాళ్ళకు యజమాని కూడా బంగళాను అద్దెకిచ్చి ఇటలీ దేశం వెళ్ళిపోయాడు. తోటను పట్టించుకున్నవాళ్ళు లేరు. ముళ్ళ డొంకలు పెరిగాయి. తీగలు గోడలెక్కాయి. అద్దాల ఇళ్ళు కూలిపోయాయి. బాటలు మట్టిలో కలిసిపోయాయి. ఒకప్పుడు అక్కడ తోట ఉండేదన్న సంగతే జనం మరిచిపోయారు.

1990 జనవరిలో పెద్ద గాలివాన వచ్చింది. ఎన్నో చెట్లు కూలాయి. ఆ తర్వాత నెలలో టిమ్ స్మిట్ అనే ఆయన ఆ డొంకల్లోకి వెళ్ళాడు. ఆయన తోటమాలి కాదు. సంగీతం పనిచేసి వచ్చినవాడు. ఎస్టేటుకు వారసుడైన జాన్ విల్లిస్ ఆయన్ని వెంటబెట్టుకొని వెళ్ళాడు. ముళ్ళు నరుక్కుంటూ దారి చేసుకున్నారు. లోపల ఇటుక గోడలు కనబడ్డాయి. పగిలిన అద్దాలు కనబడ్డాయి. తర్వాత జాన్ నెల్సన్ అనే ఇళ్ళు కట్టే మేస్త్రీ కూడా కలిశాడు. తోటను మళ్ళీ బతికించాలని పట్టుబట్టారు.

డొంకలు తీస్తుంటే ఒక మూల చిన్న గది దొరికింది. అది తోట పనివాళ్ళ మరుగుదొడ్డి. దాని గోడకు సున్నం పూత ఉంది. ఆ పూత మీద పెన్సిల్ రాతలు ఉన్నాయి. మాసిపోయాయి. దగ్గరికి పోయి చూస్తేగాని తెలియవు. ఏం రాసి ఉంది? పనివాళ్ళ పేర్లు. వాటితో పాటు 1914 ఆగస్టు అన్న తేదీ.

అంటే యుద్ధం మొదలైన నెల! పనివాళ్ళు తమ పేర్లు తామే రాసుకున్నారు. రాయి మీద చెక్కించుకోలేదు. ఇత్తడి పలక పెట్టించుకోలేదు. ఆ స్తోమత వాళ్ళకు లేదు. చేతిలో పెన్సిల్ ముక్క ఉంది. నాలుగు అక్షరాలు వచ్చు. అంతే. 75 ఏళ్ళ తర్వాత ఆ అక్షరాలే వాళ్ళని మళ్ళీ లోకానికి చూపించాయి.

ఆ పేర్లు చూశాక అక్కడివాళ్ళ ఆలోచనే మారింది. "ఇది యజమానుల తోట అని చెప్పుకోవద్దు. ఇక్కడ పనిచేసినవాళ్ళ తోట అని చెప్పుకుందాం" అనుకున్నారు. ఆ పేర్లను యుద్ధం నాటి రికార్డులతో పోల్చి చూశారు. ఎవరు పోయారో, ఎవరు తిరిగి వచ్చారో వెతికారు. 2013లో ఆ చిన్న గదిని యుద్ధ స్మారకంగా గుర్తించారు. మరుగుదొడ్డి స్మారకం అయింది! గోడ గొప్పది కాదు. దాని మీది పేర్లు గొప్పవి.

ఇక్కడ ఒక మాట. ఆ యుద్ధంలో మన దేశం నుంచి కూడా పది లక్షల మందికి పైగా పనిచేశారు. వాళ్ళలో చదువురాని వాళ్ళు ఎందరో. ఇంటికి ఒక ఉత్తరం రాయాలంటే ఇంకొకరిని బతిమాలుకున్నారు. మీరిప్పుడు మీ పేరు మీరే రాస్తున్నారు. ఆ విలువ మీకు ఒకరు చెప్పాలా?

సరే, తోట సంగతికి వద్దాం. అన్ని ఎకరాల డొంక ఎవరు తీశారు? జీతానికి చేసినవాళ్ళు కొందరు. ఊరికే వచ్చి చేసిన వాలంటీర్లు ఇంకొందరు. ముళ్ళు నరికారు. చెత్త మోశారు. పూడిపోయిన బాటల మీద మన్ను తీశారు. 1992లో తోట తలుపులు జనానికి తెరిచారు.

ఇట్లా పాత తోటల్లో, పాత బంగళాల్లో ఊరికే పనిచేయడం ఇంగ్లండులో పాత అలవాటే. అక్కడ 1895లో నేషనల్ ట్రస్టు అనే సంస్థ పుట్టింది. పాత కట్టడాలను, అందమైన చోట్లను జనం కోసం కాపాడటం దాని పని. 1959లో బాక్స్ హిల్ అనే గుట్ట మీద 42 మంది వాలంటీర్లు చేరారు. గడ్డి నేలను కమ్మేసిన పొదలను నరికారు. అక్కడి నుంచి వాలంటీర్ల దళాలు పెరిగాయి. 1967 నుంచి నేషనల్ ట్రస్టు పని శిబిరాలు నడిపింది. ఆ శిబిరాలు చాలా ఏళ్ళు సాగాయి. జనం సెలవు పెట్టుకొని వచ్చేవాళ్ళు. వారం రోజులు అక్కడే ఉండేవాళ్ళు. కంచెలు కట్టేవాళ్ళు, బాటలు బాగుచేసేవాళ్ళు. తిండికి, బసకు ఎదురు డబ్బు కూడా కట్టేవాళ్ళు!

ఇది వింటే ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. "దొర తోటలో ఊరికే పనిచేయడమా? మా తాతలు చేసిన వెట్టి చాలదా?" అని. ఇది అడగాల్సిన ప్రశ్నే. దాచిపెట్టకూడని ప్రశ్న.

వెట్టి వేరు. శ్రమదానం వేరు. వెట్టిలో పిలుపు దొరది. రానంటే దెబ్బలు. ఫలం దొరది. చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. శ్రమదానంలో వచ్చేది మన ఇష్టం. మానేదీ మన ఇష్టం. ఫలం అందరిదీ. చేసినవాళ్ళ పేరు నిలుస్తుంది.

అయితే ఒక జాగ్రత్త ఉండాలి. కూలి ఇవ్వాల్సిన పనికి సేవ అని పేరు పెట్టి కూలి ఎగ్గొడితే? అది మళ్ళీ వెట్టే. రెక్కాడితేగాని డొక్కాడనివాళ్ళ చేత ఊరికే పనిచేయించకూడదు. మేస్త్రీ పనికి, వడ్రంగి పనికి డబ్బు ఇవ్వాలి. హెలిగన్‌లో చూడండి. ఇప్పుడు జనం టిక్కెట్టు కొని తోట చూస్తున్నారు. ఆ డబ్బుతో అక్కడివాళ్ళకు ఉద్యోగాలు దొరికాయి. ఊరికే చేసిన పని నలుగురికి కూడు పెట్టే పనిగా మారింది.

ఆ తోటలో ఇంకో ముచ్చట ఉంది. అది రైతులకు బాగా అర్థమవుతుంది. చలిదేశంలో అనాస పండు పండుతుందా? పండదు. కానీ ఆ పనివాళ్ళు పండించారు. ఎట్లా? అనాస మొక్కలకు ఒక గుంత కట్టారు. దానికి రెండు పక్కలా కాలువల్లాంటి గుంతలు. ఆ పక్క గుంతల్లో పచ్చి గుర్రపు లద్దె నింపారు. లద్దె మాగితే వేడి పుడుతుంది. పేడ దిబ్బలో చెయ్యిపెట్టిన ప్రతి రైతుకూ ఆ వేడి తెలుసు. ఆ వేడి గోడ సందుల్లోంచి మధ్య గుంతలోకి పోతుంది. లద్దె మాత్రం మొక్కకు తగలదు. వేడి తగ్గితే మళ్ళీ కొత్త లద్దె వేయాలి. కాయ కాయడానికి ఏళ్ళు పడుతుంది.

ఆ పాత గుంతను బాగుచేశారు. 1997లో మళ్ళీ అనాస పండింది. మొదటి పండు పనిచేసినవాళ్ళే కోసుకొని తిన్నారు. లద్దె వాసన వస్తుందేమో చూడాలి గదా! రాలేదు. రెండో పండు రాణిగారికి పంపారు. ముందు పనివాడు, తర్వాత రాణి. వరస బాగుంది కదూ?

పాత చోట పనిచేయడానికి ఉత్సాహం ఒక్కటే చాలదు. తెలివిడి కావాలి. కలుపు అనుకొని పీకింది అరుదైన మొక్క కావచ్చు. మట్టి దిబ్బ అనుకొని తవ్వింది పాత బాట కావచ్చు. అందుకే తెలిసినవాళ్ళు ముందు చూపిస్తారు. తర్వాతే వాలంటీరు కత్తి పడతాడు. గోడలో మొలిచిన చెట్టును బలంగా లాగకూడదు. చెట్టుతో పాటు గోడ రాళ్ళూ వస్తాయి. సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూయకూడదు. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. లోపల సున్నం, ఇటుక పాడవుతాయి. సున్నం గోడకు సున్నమే మందు.

ఇప్పుడు మీ ఊరి వైపు చూడండి. పాత దిగుడు బావి ఉందా? పూడిన కోనేరు ఉందా? ముళ్ళకంప కమ్మిన పాత తోట ఉందా? సికింద్రాబాదులో బన్సీలాల్‌పేట మెట్లబావి ఏళ్ళ తరబడి చెత్తతో నిండి ఉండేది. దాన్ని శుభ్రం చేసి 2022 డిసెంబరులో జనానికి తెరిచారు. అంటే మన దగ్గరా ఇది అయ్యే పనే.

ముందు నలుగురు కూర్చుని మాట్లాడుకోండి. పంచాయతీలో చెప్పండి. అది ప్రభుత్వం రక్షిస్తున్న కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఒక్క రాయి కూడా కదపకండి. ఊళ్ళో పెద్ద వయసువాళ్ళని అడగండి. ఆ బావి తవ్వినవాళ్ళెవరు? రాళ్ళు మోసిందెవరు? వాళ్ళు చెప్పింది మీ నోటు పుస్తకంలో రాయండి. కట్టించినవాడి పేరు శాసనంలో ఉండొచ్చు. కట్టినవాళ్ళ పేర్లు మీరు రాస్తేనే ఉంటాయి.

పని అయ్యాక పనిచేసిన వాళ్ళందరి పేర్లూ ఒక పుస్తకంలో రాయండి. ఎవరి పేరు వాళ్ళే రాయాలి. తేదీ కూడా వేయాలి. పాత గోడల మీద మాత్రం రాయకండి!

హెలిగన్ పనివాళ్ళు తమ పేర్లు ఎవరైనా చదువుతారని అనుకున్నారో లేదో! కానీ రాశారు. ఇన్నేళ్ళకు, ఇంత దూరంలో, మీరు వాళ్ళ సంగతి చదువుతున్నారు.

ఆలోచించండి – చర్చించండి

1. వెట్టికి, శ్రమదానానికి తేడా ఏమిటి?
2. పాత గోడకు సిమెంటు ఎందుకు పూయకూడదు?
3. మీ ఊళ్ళో పాడుపడిన పాత కట్టడం ఏది? దాన్ని కట్టిన కూలీల గురించి ఎవరికి తెలుసు? అడిగి ఐదు వాక్యాలు రాయండి.