ఇంటి కంప్యూటరుకు విత్తనం లాంటి సాఫ్టువేరు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి రెండు మాటలు చెప్పమని పెద్దలు ఆజ్ఞాపించారు. నేను ఇంజనీరును కాను, ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పే పంతులును. కాబట్టి మన ఇళ్లకు పనికొచ్చే సంగతే చెబుతాను.

మనవి వానను నమ్ముకున్న బ్రతుకులు. పంట పోయిన ఏడు మొదట తగ్గేది పిల్లల చదువు ఖర్చే. అయినా తల్లిదండ్రులు పైసా పైసా కూడబెట్టి ఒక సెకండ్‌హ్యాండు కంప్యూటరు కొంటున్నారు. అసలు చిక్కు ఆ తర్వాతే. ఏటేటా సాఫ్టువేరుకు చందా కట్టే స్తోమత ఉండదు. ఎవరో పెన్‌డ్రైవులో తెచ్చిన దొంగ కాపీ ఎక్కిస్తారు. దాని వెంట వైరస్ కూడా రావచ్చు. స్కాలర్‌షిప్పు కోసం స్కాన్ చేసి దాచుకున్న సర్టిఫికెట్లు ఒక్క పూటలో పోతే ఆ బిడ్డ గతి ఏమిటి? ఈ అవస్థ మనకు అక్కరలేదు.

శనక్కాయ రైతు మంచి కాయలు ఏరి విత్తనానికి దాచుకుంటాడు. మరుసటేడు విత్తుతాడు, పక్కవాడికీ ఇస్తాడు. హైబ్రిడ్ విత్తనమైతే ఏటేటా అంగడికి పోవాల్సిందే. సాఫ్టువేరులోనూ ఈ రెండు రకాలు ఉన్నాయి. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పనిని ప్రకటించారు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి తయారీ చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు అన్నదే దాని సూత్రం. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను లోకానికిచ్చారు. ఇలాంటి సాఫ్టువేరును పక్కింటికి ఇస్తే అది దొంగతనం కాదు, తయారుచేసినవారు అనుమతించిన పనే.

ఇక ఏవేవి పనికొస్తాయో చెబుతాను. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రేఆఫీస్. ఇది 2010లో మొదలైంది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఒకే కాగితం మీద రాయవచ్చు, ఉర్దూ పేరాను కుడి నుంచి ఎడమకు పెట్టుకోవచ్చు. అక్షరాలకు నోటో నస్తాలీఖ్ ఉర్దూ, తెలుగుకు మండలి, రామభద్ర ఫాంట్లు ఉచితం. పాటలకు, పాఠాల వీడియోలకు వీఎల్‌సీ. అది పారిస్ కాలేజీ విద్యార్థుల చేతిలో పుట్టింది. చిన్నపిల్లలకు జీకాంప్రీ, ఆడుతూ అక్షరాలు, అంకెలు నేర్పుతుంది. నెట్ సరిగా అందని పల్లెలో కివిక్స్ ఎంతో మేలు. ఒకసారి వికీపీడియాను దింపుకుంటే తర్వాత నెట్ లేకుండానే చదువుకోవచ్చు.

పాత కంప్యూటరు ఉన్నవారు ఒక మాట వినాలి. విండోస్ 10కు మామూలు రక్షణ మార్పులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు పనికిరాని యంత్రాన్ని పాతసామాను వానికి తూకానికి వేయకండి. 4 జీబీ మెమరీ ఉంటే లినక్స్ మింట్‌లోని తేలిక రకమైన ఎక్స్‌ఎఫ్‌సీఈ నడుస్తుంది. పెన్‌డ్రైవు నుంచే నడిపి చూసి, నచ్చితే ఎక్కించుకోవచ్చు. ఎక్కించే ముందు మాత్రం మీ ఫైళ్లన్నీ వేరే చోట దాచుకోండి.

ఇదేదో పేదవాడి సరుకు అనుకోవద్దు. కేరళలో చూడండి, ప్రభుత్వ బడుల పిల్లలు లినక్స్ మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. మన హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవారు దీన్ని తెలుగువారికి చేర్చే పని చేశారు.

ఇబ్బందులు లేవని నేననను. పాత ఇన్‌పేజ్ ఫైళ్లు ఇందులో నేరుగా తెరుచుకోవు, ముందుగా యూనికోడ్‌లోకి మార్చాలి. దుకాణాల్లో టాలీ వాడేవారు విండోస్ వదలకపోవడమే మంచిది. ఇంకొకటి, "ఉచితం" అని కనిపించిన ప్రతిదీ నొక్కకండి. ఏ సాఫ్టువేరైనా దాని సొంత వెబ్‌సైటు నుంచే దింపుకోండి.

చివరగా ఒక మనవి. మన సంఘం ఇవన్నీ ఒక పెన్‌డ్రైవులో పెట్టి ఉంచాలి. నెలకు ఒక ఆదివారం, చదువుకున్న మన కుర్రాళ్లు ఇద్దరు కూర్చుని, వచ్చినవారి కంప్యూటర్లలో ఎక్కించి వాడకం నేర్పాలి. ఖర్చు పెన్‌డ్రైవుకే. విత్తనం చేతిలో ఉంది, విత్తేవారే కావాలి. ఆడపిల్లలను కూడా తప్పక పంపించండి.