గంట కొట్టినట్టు ఎవరు రాస్తారు?
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏం చేస్తారో అందరికీ అర్థమయ్యేలా చెప్పమన్నారు. అన్నీ చెప్పలేను కాబట్టి, ఈమధ్య నేను చేస్తున్న ఒక చిన్న పని గురించి చెబుతాను. ఒక పనిముట్టును ఎలా వాడాలో రాస్తున్నాను. అది చదివేది మనిషి కాదు, ఏఐ ఏజెంట్. అంటే మనం చెప్పిన పనిని తనే అంచెలంచెలుగా చేసుకుపోయే కృత్రిమ మేధ ప్రోగ్రాం.

కంప్యూటర్లలో వేళకు వాటంతటవే జరిగే పనులు కొన్ని ఉంటాయి. బ్యాంకుల్లో రాత్రిపూట లెక్కలు తేల్చడం, నెల మొదట్లో జీతాలు వేయడం ఇలాంటివే. యూనిక్స్‌లో వీటిని నడిపే ప్రోగ్రాం పేరు క్రాన్. 1979లో వచ్చిన ఏడో వెర్షన్‌లోనే ఉంది. మన బడిగంట లాంటిదే అది. వేళకు మోగినంతకాలం దాన్ని ఎవరూ పట్టించుకోరు.

మోగకపోతే ఏమవుతుంది? 2012 జూన్‌లో బ్రిటన్‌లోని రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్‌లో ఇలాంటి పనులను వరుసగా నడిపే సాఫ్ట్‌వేర్ మార్పు బెడిసికొట్టింది. ఆ దేశంలో 65 లక్షల మందికి పైగా ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. 2014లో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

అందుకే ప్రతి పనికీ చిట్టా ఉండాలి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఫలితమేమిటి అన్నవి అందులో ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు జోడించుకునే పీజీ క్రాన్‌లో దీనికోసం ఒక పట్టికే ఉంది. డెల్టాలో పుట్టిన మనకిది కొత్త కాదు. కాలువకు ఎంత నీరు వదిలారో గేజి చూసి రిజిస్టరులో రాయడం మనకు తెలిసిన పద్ధతే.

ఆ చిట్టాను ఇప్పుడు ఏజెంట్లు కూడా చూస్తున్నాయి. ఏజెంట్లకు పనిముట్లు అందించడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతిని ప్రకటించింది. అందులో ప్రతి పనిముట్టుకూ ఒక పేరు, ఒక వివరణ ఉంటాయి. కొత్తగా చేరిన ఉద్యోగికి అనుమానం వస్తే పక్క కుర్చీలో ఉన్న సీనియర్‌ని అడుగుతాడు. ఏజెంట్‌కు ఆ పక్క కుర్చీ లేదు. వివరణలో లేనిదాన్ని ఊహించుకుంటుంది, ఆ ఊహనే ధీమాగా చెప్పేస్తుంది కూడా. అందుకని నాలుగు సంగతులు విడమరిచి రాస్తాను.

మొదటిది ఖాళీ. చిట్టాలో ఏమీ లేదంటే పని జరగలేదనా, లేక పాత రికార్డు తుడిచేశారనా? కుబర్నెటిస్‌లో మనం మార్చకపోతే, వేళకు నడిచే ఒక్కో పనికి సవ్యంగా ముగిసినవి 3, విఫలమైనది 1 మాత్రమే మిగులుతాయి. కిందటి నెల సంగతి అడిగితే ఖాళీయే కనిపిస్తుంది. కాబట్టి ‘రికార్డులు ఏ తేదీ నుంచి ఉన్నాయో ముందు చూడు, ఆ తర్వాతే జవాబు చెప్పు’ అని రాస్తాను.

రెండోది వేళ. చాలా సర్వర్లు ప్రపంచ ప్రామాణిక సమయాన్ని పాటిస్తాయి. మనం దానికంటే అయిదున్నర గంటలు ముందున్నాం. మనకు మంగళవారం తెల్లవారుజామున 2 గంటలైతే, అక్కడ ఇంకా సోమవారం రాత్రి 8.30. ‘మంగళవారం పని జరిగిందా?’ అని అడిగితే ఎవరి మంగళవారమో తెలియాలి.

మూడోది ‘విజయవంతం’ అన్న మాట. ప్రోగ్రాం ఫిర్యాదు లేకుండా ముగిస్తే సున్నా అనే సంకేతం ఇస్తుంది. ఖాళీ ఫైలు పంపినా సున్నా ఇచ్చి ఊరుకోవచ్చు. నీళ్లు వదిలామని రిజిస్టరులో ఉన్నంత మాత్రాన శివారు చేలు తడిసినట్టు కాదు కదా!

నాలుగోది అధికారం. చిట్టా చూసే పనిముట్టుకు పనిని మళ్లీ నడిపే అధికారం ఇవ్వకూడదు. జీతాలు పడలేదని పొరబడి ఏజెంట్ ఆ పనిని రెండోసారి నడిపితే, పోయే డబ్బు నిజమైన డబ్బే. చూడటం వరకే ఏజెంట్ పని. నడపాలా వద్దా అన్నది బాధ్యతగల మనిషి తేల్చాలి.

ఇవన్నీ రాయడానికి పెద్ద సాంకేతిక విద్య అక్కర్లేదు. చదివేవాళ్లకు ఏది తెలియదో ఊహించి, అనుమానానికి తావివ్వకుండా ఒక వాక్యం రాయగలిగితే చాలు. అది వ్యాసం రాయించి, ఎర్ర సిరాతో దిద్దిన మాస్టార్లు నేర్పే విద్య. ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలు తెలుగు వ్యాసాన్ని తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి.

సంఘం పెద్దలకు కూడా ఒక మాట. యాభై ఏళ్ల మన మినిట్స్ పుస్తకాలను ఒకసారి తిరగేయండి. ఏ సంవత్సరమైనా ఖాళీగా కనిపిస్తే, ఆ ఏడు సమావేశం జరగలేదో, జరిగినా ఎవరూ రాయలేదో తేల్చుకోవాలి. మన సంఘానికి ఆ పక్క కుర్చీ ఇంకా ఉంది. అప్పటివాళ్లు కొందరు ఈ సభలోనే కూర్చున్నారు. ఇవాళే అడిగి రాసుకుందాం.