సోమరి అనకండి
(రాజపాళయం యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగం)



స్కిజోఫ్రెనియా అనగానే చెవిలో స్వరాలు, అనుమానాలు, కేకలే గుర్తొస్తాయి. వాటిని మందులు చాలామందిలో తగ్గిస్తాయి. కానీ కొందరిలో కేకలుండవు. మాట తగ్గిపోతుంది, ముఖంలో భావం కనిపించదు, స్నానానికి లేవాలన్నా మనసు రాదు. వైద్యులు వీటిని నెగటివ్ లక్షణాలంటారు. మనం సోమరి అంటాం, సామెతల గ్రంథంలోని చీమను చూపిస్తాం!

వీటిమీద మందుల బలం తక్కువే. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధనలో 461 మందికి 26 వారాలు మందులిచ్చి చూశారు. రిస్పెరిడోన్ కంటే కారిప్రజిన్ కొంత మెరుగు. కొంతే. ఒక్కోసారి మోతాదు ఎక్కువైనా, లోపల దిగులున్నా మనిషి ఇలాగే మందగిస్తాడు. అది డాక్టరుగారికి చెప్పాలి. సొంతంగా మందులు ఆపితే తగ్గిన స్వరాలు మళ్లీ మొదలవుతాయి. మన ప్రార్థన కూటాల్లో "విశ్వాసముంటే మాత్రలెందుకు?" అనేవాళ్లున్నారు. అక్కడే అడ్డుపడండి.

చెన్నైలో శారదా మేనన్ గారు 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ మందులతోపాటు పని కూడా నేర్పుతుంది. మన పక్కనే ఛత్రపట్టిలో కట్టుగుడ్డలు నేస్తారు కదా, మడతపెట్టే పనికి అలాంటి తమ్ముణ్ణి రోజుకో గంట పక్కన కూర్చోబెట్టుకోలేమా? కూలి ఇవ్వాలి సుమా. బదులు పలకకపోయినా పలకరిస్తూనే ఉండండి. ఇంట్లోవాళ్లకు ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 రాసివ్వండి.