దమా ఉన్న పిల్లలకు టీకా వద్దా?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం పంతుళ్లం, డాక్టర్లం కాము. తెలుగులో తప్పులు దొర్లితే మన్నించగలరు.

2017 ఆగస్టులో మన రాష్ట్రంలో మీజిల్స్-రుబెల్లా టీకా కార్యక్రమం మొదలయింది. తొమ్మిది నెలలు మొదలు పదిహేనేండ్ల లోపు పిల్లలందరికీ వేయాలన్నారు. బడిపిల్లలకు బళ్లలోనే వేశారు. మా తరగతిలో ఒక పిల్లవానికి దమా. చలికాలం వచ్చిందంటే పాపం, జేబులో ఇన్‌హేలరు లేనిదే బడికి రాడు. "దమ్ము పిల్లగాడు సార్, సూది పడదేమో" అన్నది వాళ్ల అమ్మ. మేమూ సరేనని ఆ రోజు వానిని ఇంటి దగ్గరే ఉండమన్నాం. సాయంత్రం నర్సమ్మ జాబితా చూసి, "ముందుగా వేయవలసిన వానినే ఆపారా సార్?" అని అడిగింది. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మరుసటి వారం వానికి సూది వేయించాం, ఏమీ కాలేదు. అప్పటినుండి కనబడిన డాక్టరునల్లా అడుగుతూనే ఉన్నాం.

తెలిసినదేమంటే, దమా ఉన్నవారి ఊపిరి గొట్టాలు లోపల ముందే వాచి ఉంటాయి. ఏదైనా సోకితే బిగుసుకుంటాయి. దుమ్ము, పొగాకు ఘాటు, పత్తి నూగు సంగతి బీడీలు చుట్టే మన ఇండ్లల్లో, ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల పక్కన ఉండేవారికి చెప్పనక్కరలేదు. కాని పిల్లల్లో దమ్ము ఎగదోసేది ఎక్కువగా పడిశెమే. ఇంగ్లండులో బడిపిల్లలను పరీక్షించి 1995లో ప్రకటించిన లెక్క ప్రకారం, దమ్ము పెరిగిన అయిదు సార్లలో నాలుగు సార్లు వైరసు దొరికింది. ఒకరికి మూడు రోజుల్లో పోయే జలుబు, ఇంకొకరిని దవాఖాన పాలు చేస్తుంది.

ఇక మీజిల్స్, అంటే మన గోబ్రీ, ఊపిరితిత్తులకు దిగితే నిమోనియా. దీనిని మశూచి నుండి వేరుచేసి పుస్తకం రాసినవాడు మన అల్ రాజీ, వెయ్యేండ్ల పైమాట. వసంతకాలంలో గులాబీ వాసనకు ఒక పండితునికి ముక్కు ఎందుకు కారుతుందో కూడా ఆయనే రాశాడు. నేటి మాటలో అది అలర్జీ.

గోబ్రీ వచ్చిపోతేనే ఒళ్లు గట్టిపడుతుందని కొందరంటారు. 1996లో గినీ-బిసావు దేశంలో చేసిన ఒక చిన్న పరిశోధనలో, గోబ్రీ వచ్చినవారికి అలర్జీ తక్కువని తేలిన మాట నిజమే. అయితే 2000 సంవత్సరంలో ఫిన్లండులో అయిదు లక్షల మందికి పైగా చూస్తే, గోబ్రీ వచ్చినవారికే అలర్జీ ఎక్కువగా కనబడింది. నిమోనియాకు బిడ్డను అప్పగించి అలర్జీ తప్పించుకుందామనడం మాకైతే తెలివిగా తోచదు. టీకా వల్ల దమా పుడుతుందనేందుకు ఆధారం దొరకలేదు. ఇంతకుముందు ఏ టీకాకైనా ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడకపోయి ఉంటే, అది మాత్రం డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ రోజు దమ్ము బాగా ఎక్కువగా ఉంటే, తగ్గినాక వేయించాలి.

మామూలు జలుబుకు టీకా లేదు. ఫ్లూకు ఉంది. హజ్ కు పోయే మన వృద్ధులు వేయించుకుంటూనే ఉన్నారు కదా! పిల్లలకు సర్కారు ఉచితంగా ఇచ్చే టీకాల్లో అది లేదు, ఏటా కొనాలి. బీడీల కూలితో అది అయ్యే పనేనా? సొసైటీ స్కాలర్‌షిప్పుల పద్దు పక్కన దీనికీ ఒక పద్దు పెట్టాలని మా మనవి. జకాత్ సొమ్ము వాడవచ్చునా అన్నది మౌల్వీ సాబులు చెప్పాలి. ఫ్లూ వానాకాలంలో జోరు చేస్తుంది కనుక సూది ఏప్రిల్, మే నెలల్లోనే పడాలి. దమా ఉన్న పిల్లల పేర్లు ఈ రోజే కార్యదర్శిగారి వద్ద రాయించండి.